నట్టల మందు పందికి పోస్తున్నాం, గుడ్లు నేలలో ఉన్నాయి

పందులు పెంచేవాళ్ళు నలుగురు చేరి పురుగుల గురించి మొదలుపెడితే ఆ మాట ఐదు నిమిషాల్లో మందు దగ్గరకి వచ్చి ఆగిపోతుంది, ఇంక అక్కణ్ణుంచి కదలదు. ఐవర్‌మెక్టిన్ మంచిదా ఫెన్‌బెండజోల్ మంచిదా, సూది వెయ్యాలా దాణాలో కలపాలా, మూడు నెలలకోసారి చాలా లేకపోతే ఇంకా ముందే వెయ్యాలా. నేల ఎలా కడుగుతున్నావ్ అని మాత్రం ఎవరూ ఎవర్నీ అడగరు. చాలా కాలంగా ఈ మాట రాద్దామనుకుంటున్నా, ఇవాళ రాసేస్తున్నా. పందిలో ఉన్న పురుగుల కంటే పంది కాళ్ళ కింద ఉన్న గుడ్లే అసలు సమస్య, మనం డబ్బు పెట్టేది మాత్రం మొత్తం పురుగుల మీదే.

ముందు ఏలికపాము సంగతి చూద్దాం, ఎందుకంటే పందుల్లో బాగా పెద్దదీ, మామూలుగా కనపడేదీ అదే. ఆస్కారిస్ సూమ్ అంటారు. ఆడది 20 నుంచి 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, చిన్న పేగులో దేన్నీ పట్టుకోకుండా ఊరికే పేగు కదలికకి ఎదురీదుతూ ఉండిపోతుంది. ఒక్క ఆడపురుగు రోజుకి లక్షల్లో గుడ్లు పెడుతుంది. లక్షల్లో అని నేనేదో ఊపులో అనట్లేదు, నిజంగానే లక్షలు. ఆ గుడ్లు పేడతో బయట పడ్డ రోజున ఎవర్నీ ఏమీ చెయ్యలేవు, లోపల ఉన్నది ఇంకా ఒక్క కణమే. తేమ, వేడి సరిపడా దొరికితే దాదాపు ఒక నెలలో లోపల పిల్ల పురుగు తయారై కూర్చుంటుంది. చలి ఎక్కువైతే, అంటే 15 డిగ్రీల కిందకి పోతే, ఎదుగుదల ఆగిపోతుంది అంతే, గుడ్డు చావదు. మళ్ళీ వేడి రాగానే ఆగిన చోటి నుంచి మొదలు. అందుకే చలికాలమంతా పడ్డ గుడ్లన్నీ ఎండలు మొదలయ్యే టైముకి ఒకేసారి సిద్ధమవుతాయి, అప్పుడు పెన్నులోకి, అంటే పందుల్ని ఉంచే గదిలోకి, దింపిన పిల్లల బ్యాచ్ మీద ఆ దెబ్బంతా పడుతుంది, మనమేమో ఈ బ్యాచ్ పిల్లలే బాలేవు అనుకుంటాం.

గుడ్డు పెంకు గురించి కూడా చెప్పాలి. మందంగా, పొరలు పొరలుగా ఉంటుంది, పైన జిగురు పూత. మామూలుగా షెడ్లో వాడే డిసిన్ఫెక్టెంట్లలో చాలావరకు దాన్ని ఏమీ చెయ్యలేవు, బాక్టీరియాని చంపుతాయి, వైరస్‌ని చంపుతాయి, ఈ గుడ్డుకి మాత్రం స్నానం చేయించినట్టే. నీడా తేమా ఉన్న మట్టిలో ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. దాన్ని చంపేవి రెండే, గట్టి వేడి, లేదంటే బాగా ఎండ తగిలి పూర్తిగా ఎండిపోవడం. 60 డిగ్రీలు దాటిన వేడి తగిలితే ఎక్కువసేపు తట్టుకోలేదు, అందుకే ఆవిరితో కడగడం పనిచేస్తుంది, సరిగ్గా మగ్గి లోపలంతా వేడెక్కిన పెంటకుప్పలో కూడా చస్తుంది. చల్లటి నీళ్ళతో ఫ్లోర్ మీద ఒకసారి పైప్ పట్టి, ఫినాయిల్ వాసన వచ్చేదాకా చల్లి, కడిగేశాం అంటే మాత్రం కుదరదు.

ఇప్పుడు ఆ గుడ్డుని పంది మింగిందనుకోండి. పేగులో పొదిగిన పిల్ల పురుగు అక్కడే ఉండిపోదు, అదే దీంట్లో విచిత్రం. పేగు గోడ తొలుచుకుని రక్తంలోకి పోయి లివర్‌కి చేరుతుంది, అక్కణ్ణుంచి వారం తిరిగేసరికి ఊపిరితిత్తులకి, అక్కడ గాలి గొట్టాల్లోకి ఎక్కి, దగ్గుతో గొంతులోకి వచ్చి, మళ్ళీ మింగితే మళ్ళీ చిన్న పేగుకే. బయల్దేరిన చోటికే తిరిగి రావడానికి ఇంత తిరుగుడు ఎందుకో నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే. మనుషుల ఏలికపాముది కూడా ఇదే దారి, ఆ సంగతి తేల్చడానికి 1922లో జపాన్‌లో షిమేసు కోయినో అనే డాక్టర్ మనుషుల ఏలికపాము గుడ్లు తనే మింగాడు, పంది ఏలికపాము గుడ్లు తమ్ముడితో మింగించాడు. అన్నగారికి కొన్ని రోజులకే న్యుమోనియా వచ్చింది, కఫంలో పిల్ల పురుగులు దొరికాయి. (తమ్ముడు ఎలా ఒప్పుకున్నాడో మరి.) ఎదిగే పందులు దగ్గుతుంటే వెంటనే యాంటీబయాటిక్ వైపు చెయ్యి చాపేవాళ్ళు ఈ దారి ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. ఇంకో మాట, ఈ పురుగులున్న పందుల్లో మైకోప్లాస్మా అనే బాక్టీరియాతో వచ్చే న్యుమోనియాకి వేసే టీకా సరిగ్గా పట్టదని ప్రయోగాల్లో తేలింది. టీకాకి డబ్బు పెట్టి, టీకా కంపెనీని తిట్టి, పురుగుల సంగతి వదిలేసేవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

సరే, మందు లెక్కకి వద్దాం. గుడ్డు మింగిన దగ్గర్నుంచి ఆ పురుగు పెద్దదై తన గుడ్లు పెట్టడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మనం నట్టల మందు వేసిన రోజు పేగులో ఉన్న పెద్ద పురుగులు పోతాయి, మంచిదే. లివర్లో, ఊపిరితిత్తుల్లో ప్రయాణంలో ఉన్నవాటి మీద ఒక్క డోసు మందు నమ్మకంగా పనిచెయ్యదు. ఆ మర్నాడు పొద్దున్న అదే పంది అదే తొట్టి కింద అదే మూల మూతితో పొడుస్తుంది, కొత్త గుడ్లు లోపలికి పోతాయి. రెండు నెలలు తిరిగేసరికి పేగు మళ్ళీ నిండుతుంది, గుడ్లు మళ్ళీ నేలకి చేరతాయి. మూడు నెలలకోసారి మందు అనే క్యాలెండర్ ఎవరు పెట్టారో గానీ ఈ పురుగు వయసు లెక్కతో దానికి సంబంధమే లేదు, చివరి నెల అంతా పురుగు హాయిగా నేలని నింపుకుంటూ ఉంటుంది. ఆరు వారాలకోసారి వేస్తే గుడ్లు పెట్టే లోపే పురుగుని తీసేయొచ్చు, అది కనీసం లెక్క ఉన్న పద్ధతి. కానీ అది కూడా నేలలో పాత నిల్వ ఏళ్ళ తరబడి ఉన్నంతకాలం లివర్ దెబ్బని ఆపదు, ఎందుకంటే లివర్‌ని పాడు చేసేది పెద్ద పురుగు కాదు, రోజూ కొత్తగా దిగే పిల్ల పురుగు.

లివర్ ఒకసారి దగ్గర్నుంచి చూడండి. ముదురు ఎరుపు మీద తెల్లటి మచ్చలు, అంచులు అలుక్కుపోయినట్టు, గోరంతవి కొన్ని, కొన్ని పక్కపక్కవి కలిసిపోయి వల అల్లినట్టు. చేత్తో తడిమితే పెద్దగా గట్టిగా ఉండదు, కోస్తే లోపలికి కొంచెమే దిగి ఉంటుంది. పిల్ల పురుగు పోయిన దారిలో లివర్ వేసుకున్న మచ్చ అది. ఇంకా గుడ్లు మింగకపోతే ఐదారు వారాల్లో ఆ మచ్చలు చాలావరకు మానిపోతాయి. అంటే కబేళాలో తెల్ల మచ్చలు కనపడ్డాయంటే ఆ పంది ఆఖరి నెలలో కూడా నేల మీద గుడ్లు మింగుతూనే ఉందని అర్థం, మీ రికార్డు బుక్కులో నట్టల మందు వేసినట్టు ఎన్ని టిక్కులున్నా సరే. ఇక్కడ ఒక మెలిక ఉంది, చిన్నప్పట్నుంచి బాగా గుడ్లు మింగుతూ పెరిగిన పందుల్లో పేగు గోడే పిల్ల పురుగుల్ని ఆపడం నేర్చుకుంటుంది, అప్పుడు లివర్ శుభ్రంగానే కనపడొచ్చు. కాబట్టి మచ్చలు ఉంటే నేల చెడ్డదని ఖాయం, లేకపోతే నేల మంచిదని మాత్రం ఖాయం కాదు. దానికి రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్షలున్నాయి, దొరికే చోట చేయించుకుంటే మంచిది.

"మా పందుల పేడలో ఎప్పుడూ పురుగు కనపడలేదండి" అనేది నేను ఎక్కువగా వినే మాట, నాకు ఎక్కువ చిరాకు తెప్పించే మాట కూడా. కనపడదు. కనపడేది మందు వేశాక చచ్చి పడ్డవీ, మహా అయితే దారి తప్పి బయటికి వచ్చిన ఒకటో రెండో. పురుగు ఉందో లేదో పేడలో కళ్ళకి కాదు, మైక్రోస్కోప్‌కి తెలుస్తుంది. పెద్ద పనేం కాదు. కొద్దిగా పేడ తూచి తీసుకుని ఉప్పు ఇంక కరగనంత చిక్కటి ఉప్పునీళ్ళలో బాగా కలిపి, జల్లెడ పట్టి, ఆ నీళ్ళు మెక్‌మాస్టర్ స్లైడు అనే గీతలున్న అద్దపు గదిలో నింపి కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచితే గుడ్లు తేలికవి కాబట్టి పైకి తేలి అద్దానికి అంటుకుంటాయి. ఏలికపాము గుడ్డు గోధుమ రంగులో, పైన గరుగ్గా, గుండ్రంగా ఉంటుంది. విప్‌వార్మ్ అనే ఇంకో పేగు పురుగు గుడ్డు నిమ్మకాయలా ఉండి రెండు కొనలకీ బిరడా పెట్టినట్టు ఉంటుంది, ఒకసారి చూస్తే ఇంక మర్చిపోరు. మామూలుగా వాడే కొలతలతో చేస్తే గీతల్లో కనపడ్డ ఒక్కో గుడ్డుకి గ్రాము పేడలో 50 గుడ్లని లెక్క.

దీంట్లో కూడా మోసాలున్నాయి. పందులు పేడ తింటాయి, పక్క పంది పేడలోని గుడ్లు దీని కడుపులోంచి అలాగే సాగి బయటికి వచ్చేస్తాయి, దీని పేగులో ఒక్క పురుగు లేకపోయినా గుడ్లు కనపడతాయి. అందుకే గ్రాముకి 200 లోపు వచ్చిన ఏలికపాము లెక్కని నేను పెద్దగా నమ్మను. ఇంకోటి, ఈ పురుగులు మందలో అందరికీ సమానంగా పంచుకోవు, కొద్ది పందుల్లోనే మెజారిటీ పురుగులుంటాయి, మిగతావాటిలో ఒకటీ అరా లేదా అసలు లేవు. ఒక పంది పేడ తీసి చూసి మంద మొత్తం బాగుందనడం గానీ, మంద మొత్తం పోయిందనడం గానీ రెండూ తప్పే. పది పదిహేను పందులవి విడివిడిగా తీయాలి, నేల మీద పాతది కాకుండా అప్పుడే వేసింది తీయాలి.

ఈ మందులు రాక ముందు ఏం చేశారో చూస్తే మనకి సిగ్గేస్తుంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో మెక్‌లీన్ కౌంటీ అని ఉంది, అక్కడ 1920ల్లో ప్రభుత్వ పరాన్నజీవుల నిపుణుడు బ్రేటన్ రాన్సమ్ బృందం రైతులతో కలిసి ఒక పద్ధతి నడిపింది. ఐవర్‌మెక్టిన్ రావడానికి అప్పటికి ఇంకా అరవై ఏళ్ళు. వాళ్ళు చేసిందేంటంటే, పంది ఈనే గదిని సలసల కాగే నీళ్ళలో కాస్టిక్ సోడా లాంటి ఘాటు క్షారం కలిపి రుద్ది కడిగారు. చూడి పందిని లోపలికి తోలే ముందు సబ్బు నీళ్ళతో ఒళ్ళు, ముఖ్యంగా పొదుగు, రుద్ది కడిగారు, పిల్ల మొదట నోరు పెట్టేది అక్కడే కదా. ఈనిన కొద్ది రోజులకే తల్లినీ పిల్లల్నీ దున్ని కొత్తగా గడ్డి వేసిన, పందులు తిరగని పొలానికి బండి మీద ఎక్కించి తీసుకెళ్ళారు, నడిపించి కాదు, పాత దొడ్డి మట్టి మీద కాలు పెట్టకూడదని. నాలుగు నెలల వయసు దాకా అక్కడే. అంతే పద్ధతి. పిల్లలు చావడం తగ్గింది, ఈసురోమంటూ ఉండే పిల్లలు తగ్గాయి, అది చూసి ఆ పద్ధతి వేరే చోట్లకీ పాకింది. వాళ్ళకి ఈ మందులు లేవు కాబట్టి నేల గురించి ఆలోచించారు. మనకి మందు ఉంది కాబట్టి ఆలోచించడం మానేశాం, నా వాదన అంతా ఇదే.

మందు వద్దని నేను అనట్లేదు, ఆ మాట ముందే చెప్తే బాగుండేదేమో, లేకపోతే కింద కామెంట్లలో కొడతారు. ఐవర్‌మెక్టిన్ గొప్ప మందు, దాన్ని కనిపెట్టిన సతోషి ఓమురా, విలియం క్యాంప్‌బెల్‌లకి 2015లో నోబెల్ ఊరికే ఇవ్వలేదు. ఈనడానికి వారం పది రోజుల ముందు చూడి పందికి వేస్తే పాల ద్వారా పిల్లలకి పోయే స్ట్రాంగైలాయిడిస్ సన్న పురుగు ఆగుతుంది, ఇది చాలామందికి తెలియని లాభం. ఆ పురుగు పాలల్లోంచే పోతుంది కాబట్టి పిల్ల పుట్టిన నాలుగైదు రోజులకే దాని పేడలో గుడ్లు కనపడగలవు. కానీ మందు వేసిన పందిని మర్నాడు ఎక్కడ ఉంచుతున్నారన్నదే ప్రశ్న. మందు వేసి, ఒళ్ళు కడిగి, కడిగి ఆరబెట్టిన గదిలోకి మారిస్తే ఆ డబ్బుకి ఫలితం. మందు వేసి అదే పెన్నులో వదిలితే చచ్చిన పురుగులతో పాటు బయటపడ్డ గుడ్లు కూడా ఆ నేలకే కదా.

డోసు సంగతి మరీ దారుణం. కళ్ళతో చూసి "ఒక అరవై కేజీలుంటుందిలే" అని వేసేస్తారు, అది ఎనభై ఉంటుంది. పందికి ఐవర్‌మెక్టిన్ కేజీకి 300 మైక్రోగ్రాములు, పశువులకి వాడే 200 కాదు, పశువుల లెక్కతో పందికి వేసేవాళ్ళూ ఉన్నారు. తక్కువ డోసు అంటే గట్టి పురుగుల్ని ఏరి బతికించి వాటి సంతానాన్ని మనమే పెంచడం. పందుల పెద్ద పేగు గోడలో గడ్డలు కట్టే నాడ్యులార్ పురుగు, అంటే ఈసోఫాగోస్టోమమ్, మీద లెవామిసోల్, పైరాంటెల్, బెంజిమిడజోల్ జాతి మందులు ఓడిపోయిన సందర్భాలు ఇప్పటికే నమోదయ్యాయి. దాణాలో కలిపితే తేలిక కానీ, పెన్నులో పెత్తనం చేసే పంది అందరి వాటా తింటుంది, పురుగులు నిండి నీరసంగా ఉన్నది వెనక నిలబడుతుంది, ఎవరికి మందు కావాలో వాళ్ళకే అందదు. తొట్టి పొడవు చాలకపోతే దాణా మందు దండగ. మందు వేసిన పది పదిహేను రోజులకి మళ్ళీ పేడ చూసి లెక్క ఎంత పడిపోయిందో చూసేవాళ్ళు ఎంతమంది? ఆ ఒక్క పరీక్ష చేస్తే మందు పనిచేస్తోందో లేదో వాదనలు అక్కర్లేదు.

ఇంక పేరు తెలియక డబ్బు పోయే రోగాలు రెండున్నాయి. ఒకటి విప్‌వార్మ్. పెద్ద పేగులో తల భాగం గోడలో కుట్టుకుని ఉంటుంది, ఎక్కువైతే జిగురుతో రక్త విరేచనాలు. గుడ్లు కనపడటానికి ఆరేడు వారాలు పడుతుంది, విరేచనాలు మాత్రం అంతకు ముందే మొదలవుతాయి, పేడ పరీక్షలో ఏమీ లేదని రిపోర్టు వస్తుంది, బాక్టీరియాతో వచ్చే రక్త విరేచనాల రోగం, స్వైన్ డిసెంట్రీ, అనుకుని యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్. దీని గుడ్లు ఏలికపాము గుడ్లలాగే మట్టిలో ఏళ్ళు బతుకుతాయి. ఒక్క డోసు మందులకి సరిగ్గా లొంగదు, ఫెన్‌బెండజోల్ వరసగా కొన్ని రోజులు ఇవ్వాలి. రెండోది కాక్సిడియా. వారం పది రోజుల పిల్లలకి పసుపు రంగు ముద్ద విరేచనం, యాంటీబయాటిక్‌కి తగ్గదు, నట్టల మందుకి అసలే తగ్గదు, ఎందుకంటే అది పురుగే కాదు, ఏకకణ జీవి. తల్లి నుంచి వచ్చిందని తల్లికి మందు వేస్తారు, అది వచ్చేది ఎక్కువగా ముందు ఈత పిల్లలు వదిలిన నేల నుంచి, ఈనే గది వెచ్చగా తేమగా ఉంటుంది కాబట్టి అక్కడ ఒక రోజులోనే తయారైపోతుంది. టోల్‌ట్రాజురిల్ అనే కాక్సిడియా మందు మూడు నుంచి ఐదు రోజుల వయసులో ఒక్కసారి నోట్లో పోస్తే పిల్ల బయటపడుతుంది, కానీ చూడండి, మళ్ళీ నేల దగ్గరికే వచ్చాం.

కాంక్రీటు, చిల్లుల ఫ్లోర్ మీద పెంచితే పురుగులు తక్కువ, మట్టిలో గడ్డిలో తిరగనిస్తే ఎక్కువ, ఇది నిజం. ఆరుబయట పందుల్లో పేడపురుగుల గ్రబ్బులు, అంటే వాటి పిల్లలు, తిని వచ్చే ముళ్ళ తల పురుగు కూడా తోడవుతుంది. ఇది చూపించి పందిని జీవితాంతం ఇనప గదిలో నిలబెట్టడమే సైన్సు అని వాదించేవాళ్ళతో నాకు పేచీ ఉంది. మట్టి తవ్వడం పంది స్వభావం. పురుగులు సున్నా చెయ్యాలనే పట్టు నాకు లేదు, ఎదిగే పంది తక్కువ పురుగులతో బాగానే బతుకుతుంది. ఒకే దొడ్డిలో ఏళ్ళ తరబడి పందులు తిప్పకుండా చోట్లు మారుస్తూ పోతే, పిల్లల్ని ఎప్పుడూ కొత్త నేలకి పంపి పాత నేలని పెద్ద పందులకి వదిలితే, లెక్క అదుపులో ఉంటుంది. ఎక్కువ స్థలం కావాలి, అది నిజమే, అందరికీ ఉండదు.

కడగడం దగ్గర నేను చూసే తప్పులు ఎక్కడుంటాయంటే, గది మధ్యలో ఎప్పుడూ కాదు. తొట్టి అడుగు, గోడ నేల కలిసే మూల, పందులు నీళ్ళు తాగే నిపిల్ కింద ఎప్పుడూ తడిగా ఉండే జానెడు చోటు, తలుపు కింది చెక్క, పెన్నుకీ పెన్నుకీ మధ్య గోడ మీద పంది ఒళ్ళు రాసుకునే ఎత్తు దాకా. ముందు పెంట అంతా గీకి తీసెయ్యాలి, ఎండిన పెంట కింద గుడ్డుకి వేడి నీళ్ళు తగలవు. తర్వాత సబ్బు నీళ్ళు పోసి నానబెట్టి, ఆ తర్వాతే వేడి నీళ్ళతో ప్రెషర్, తర్వాత పూర్తిగా ఆరాలి. ఆరడం అనే దాన్ని అందరూ వదిలేస్తారు, గది ఖాళీగా ఉంటే నష్టం అనిపిస్తుంది కాబట్టి. ఒక బ్యాచ్ మొత్తం బయటికి పోయాకే ఇంకో బ్యాచ్ లోపలికి, మధ్యలో నాలుగు పిల్లలు ఎదగలేదని వెనక ఉంచేస్తే కడిగింది వృథా, ఆ నాలుగే సాధారణంగా పురుగులు ఎక్కువగా మోసేవి.

కబేళా వాళ్ళ మీద నాకో కోపం ఉంది, పేరు చెప్పను. మా పందుల లివర్లు పక్కన పడేస్తారు, ఎందుకు పడేశారో, ఎన్ని పడేశారో అడిగితే గానీ చెప్పరు, ఒక్కోసారి అడిగినా చెప్పరు. పెంచేవాడికి ఇంతకంటే పనికొచ్చే సమాచారం ఇంకోటి లేదు, అది చెత్తబుట్టలోకి పోతోంది. చివరికి అక్కడ పనిచేసే కుర్రాణ్ణి బతిమాలితే ఫోన్లో ఫోటోలు పంపడం మొదలుపెట్టాడు. మీరూ అలా అడిగి తెప్పించుకునేట్టయితే ఒక్కటి చూసుకోండి, ఏ పెన్ను పందులు ఏ రోజు పోయాయో ఇక్కడ రాసి పెట్టుకోకపోతే ఆ ఫోటోలు ఎందుకూ కొరగావు, మచ్చలున్న లివర్ ఏ నేల నుంచి వచ్చిందో తెలిస్తేనే ముందు ఏ గది ఖాళీ చేసి గీకాలో తెలిసేది.